అలివేలక్క ముప్పై పలకలు

రాష్ట్రం రెండు ముక్కలైన మరుసటి ఏడాది మా ఊళ్లలో అందరికీ తూర్పు దిక్కు మీద ప్రేమ పుట్టింది. అంతకుముందు పెద్ద రోగం వస్తే హైదరాబాదే. ఇప్పుడు రాజధాని ఇటే వస్తోందన్నారు. దొనకొండలోనే కడతారని కొన్నాళ్లు గట్టిగా అనుకున్నాం. ఆ కొన్నాళ్లూ దొనకొండ మేకలు కూడా తల ఎగరేసి నడిచాయి. తర్వాత కాదు, గుంటూరు పక్కన అన్నారు. మేకలు మళ్లీ మామూలు నడకకు వచ్చాయి. మేం మాత్రం రోగాలన్నీ మూటగట్టుకుని గుంటూరు రైలెక్కడం మొదలుపెట్టాం. మా అలివేలక్క ఎక్కింది కూడా అప్పుడే. ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వొస్తుంది.

అక్కను పెద్దారవీడులో గొర్రెలు కాసే ఆదెయ్యకిచ్చారు. నేను ఆమె తమ్ముణ్ణి, నాగయ్యను. నాకు గొర్రెల పని అబ్బలేదు. ఏ గొర్రె ముఖం చూసినా నన్ను చూసి నవ్వుతున్నట్టే ఉండేది. అందుకని మార్కాపురం పోయి పలకల ఫ్యాక్టరీలో రాయి కోసే పనిలో చేరాను. అక్షరం ముక్క రాని నేను లక్షమంది పిల్లల చేత అక్షరాలు దిద్దించాను.

మా ఆదెయ్య బావకు ఒక విద్య ఉంది. పొట్టేలును రెండు చేతులతో ఎత్తి, కళ్లు మూసుకుని, అరకిలో తేడా లేకుండా బరువు చెప్పేవాడు. సంతలో కాటా పాడైతే బావను పిలుచుకుపోయేవాళ్లు. పెళ్లినాడు అక్క కాలు జారి పడబోతే పట్టుకుని నిలబెట్టి, అందరూ వింటుండగా "నలభై ఆరు" అన్నాడు. పెళ్లికి వచ్చిన మూడొందల మందికీ ఆ అంకె గుర్తుండిపోయింది. పెళ్లికొడుకు పేరు మరిచిపోయినవాళ్లు కూడా ఉన్నారు గానీ నలభై ఆరు మరిచినవాడు లేడు.

నలభై ఆరు కిలోల అక్క మందతో నడిస్తే వెనక దుమ్ము లేచేది కాదు. తొలకరి పడగానే గొర్రెలను నల్లమల కింది కొండకు తోలుకుపోయేవాళ్లు. ముందు బావ, వెనక అక్క. వెనకబడిన గొర్రెపిల్లను చంకలో ఇరికించుకుని, కుంటిదాన్ని భుజాన వేసుకుని, పాట పాడుకుంటూ ఎక్కేది. ఆ పాట విని పులి దారి తప్పుకునేదని బావ అంటాడు. పులి సంగతి నాకు తెలియదు గానీ, నేనైతే తప్పుకునేవాణ్ణి. అక్క గొంతు అట్లా ఉండేది.

ఇద్దరు కూతుళ్లు పుట్టారు, వాళ్లకు పెళ్లిళ్లయ్యాయి. ఈలోపు అక్కకు చక్కెర జబ్బు వచ్చింది, మోకాళ్లు పట్టేశాయి, ఒళ్లు పెరిగింది. నలభై రెండేళ్లకు నూట పద్దెనిమిది కిలోలు. ఆమె నడిచి వస్తుంటే కోళ్లు పక్కకు జరిగి దారిచ్చేవి. అయిదేళ్లుగా కొండకు పోలేదు. పొద్దున్నే దొడ్డికి అడ్డం పెట్టిన ముళ్లకంప లాగి గొర్రెలను వదిలేది. ఆఖరి గొర్రె బయటికి పోగానే కంప మళ్లీ వేసి తను లోపలే మిగిలేది. గొర్రెల మెడల్లో గంటల చప్పుడు వినపడినంతసేపూ ఆ కంప పట్టుకునే నిలబడేదని పక్కింటి పుల్లమ్మ నాకు చెప్పింది.

ఆ ఏడు మార్కాపురంలో ఒక కల్యాణమండపంలో గుంటూరు ఆసుపత్రివాళ్లు ఉచిత క్యాంపు పెట్టారు. ఒక రంగుల కాగితం పంచారు. అందులో రెండు బొమ్మలు. ఎడమవైపు లావాటి ఆమె, కుడివైపు సన్నటి ఆమె. అక్కాచెల్లెళ్లని బావ అనుకున్నాడు. చెల్లెలికి పెళ్లి అయిందా అని కూడా అడిగాడు. ఇద్దరూ ఒకరేనని, మధ్యలో ఒక ఆపరేషన్ జరిగిందని అక్కడివాళ్లు చెప్పేసరికి కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ వారంలో పెద్దారవీడు, మార్కాపురం మధ్య ఆ కాగితం చూడని మనిషి లేడు. మా ఆడది మళ్లీ నలభై ఆరుకు దిగుతుందని బావ చాటాడు. పెళ్లినాటి రవికె ఇనప్పెట్టెలోంచి తీసి ఎండలో ఆరేశాడు.

 అక్క మాత్రం ఆపరేషనయితే కొండకు నడవగలనా అని ఒక్కటే నన్నడిగింది. నాకేం తెలుసు. నడవడమేంటి, ఎగురుతావన్నాను.

గుంటూరుకు మొదటిసారి పోయినప్పుడు డాక్టరమ్మ రక్తం తీయించింది, గుండె చూసింది, వెంటనే కత్తి పట్టలేదు. తిండి సంగతి చూసే అమ్మాయి ఒక నోటుపుస్తకం ఇచ్చి, నెలరోజులు ఏం తిన్నా, ఏం తాగినా రాసుకుని రమ్మంది. మా ముగ్గురిలో ఒక్కరికీ రాయడం రాదని చెప్పడానికి మాకు సిగ్గేసింది. తల ఊపి వచ్చేశాం.

నేను ఫ్యాక్టరీనుంచి మూల విరిగిన పలక ఒకటి తెచ్చిచ్చాను. ఆ రోజుల్లో పలకలు కొనేవాళ్లు తగ్గిపోయి ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. విరిగిన పలకలు మాత్రం గుట్టలుగా పడి ఉండేవి. సంగటి ముద్దకు సున్నా, రొట్టెకు అడ్డగీత, టీ గ్లాసుకు నిలువు గీత, తీపి వస్తువుకు చుక్క. అట్లా గుర్తులు పెట్టుకున్నాం. మొదటిరోజు పలక నిండింది. తుడిచేసి రెండోరోజు మొదలుపెట్టమన్నాను. అక్క తుడవనంది.

"తుడిచినాక నేను చెప్పిందే కదరా మిగిలేది. ఇంత ఒళ్లు పెట్టుకొని చెప్తే ఎవరు నమ్ముతారు?" అంది.

కాబట్టి రోజుకొక పలక. ముప్పై రోజులకు ముప్పై. చెక్క చట్రం లేని పలకలు, అరకిలో చొప్పున పదిహేను కిలోలు. గుర్తులు చెరిగిపోకుండా పలకకూ పలకకూ మధ్య మోదుగాకు పెట్టి గోనెసంచిలో సర్దాం. మార్కాపురం రోడ్డు స్టేషన్లో ఆ సంచి, మా అక్క ఒకే పెట్టెలోకి ఎక్కేసరికి రైలు ఒక పక్కకు ఒరిగింది. గార్డు దిగి చూసి, మా బావను, నన్ను రెండోపక్కన కూర్చోమంటే గానీ బండి కదలలేదు. నమ్మకపోతే మీ ఇష్టం.

ఆసుపత్రిలో బరువు చూసేచోట అక్క ఆ సంచి భుజాన్నుంచి దించలేదు. ఎవరైనా లాగితే గీతలు చెరుగుతాయని భయం. అట్లాగే మిషనెక్కింది. నూట ముప్పై మూడు. నర్సు కళ్లజోడు తీసి తుడుచుకుంది. నెలలో పదిహేను కిలోలెట్లా పెరిగారని అడిగితే అక్క బిక్కముఖం వేసింది. అప్పుడు నేను సంచి దింపించాను. అందులోంచి పలకలు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. బల్లమీద చాలక వరండాలో గోడవారగా పరిచాం. రోగులు వాటిని దాటుకుంటూ పోయారు. ఒక పెద్దాయన ఇక్కడ బడి కూడా పెట్టారా అని అడిగాడు.

తిండి అమ్మాయి నవ్వలేదు. గుర్తులేంటో అడిగి తెలుసుకుని, ఒకటో పలకనుంచి ముప్పయ్యోదాకా వంగి వంగి లెక్కపెట్టింది. వెళ్లి డాక్టరమ్మను పిలుచుకొచ్చింది. సున్నాలు మరీ ఎక్కువ లేవు. అడ్డగీతలూ ఫర్వాలేదు. చుక్కలు దాదాపు లేవు. నిలువు గీతలు మాత్రం వాన కురిసినట్టున్నాయి. రోజుకు పద్నాలుగు, పదహారు, ఒక ఆదివారం పంతొమ్మిది.

టీ కూడా తిండేనా అని అక్క ఆశ్చర్యపోయింది. చక్కెర జబ్బని లడ్డు ముట్టదు, అరిసె ముట్టదు. టీలో వేసిన చక్కెర తీపి కింద లెక్కని ఆమె ఎన్నడూ అనుకోలేదు. మంద పోయాక ఇంట్లో ఒక్కతే ఉండేది కదా. పుల్లమ్మ వస్తే టీ, పాలవాడొస్తే టీ, ఎవరూ రాకపోతే అందుకొక టీ. చిక్కటి పాలు, రెండేసి చెంచాల చక్కెర.

డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టింది. ఆమె మాటతీరు నాకు ఇప్పటికీ గుర్తుంది, తొందర లేని మనిషి. బావ రంగుల కాగితం తీసి, ఈ కుడివైపు దానిలా చేసిపెట్టండి అన్నాడు. ఆమె దాన్ని చూసి, ఇది బాగా తగ్గినవాళ్ల బొమ్మ, అందరూ ఇట్లా కారు అంది. పలకలు మళ్లీ సంచిలో వేయించి, అక్క భుజానికెత్తించి, వరండా ఆ చివరిదాకా నడిచి రమ్మంది. తర్వాత సంచి దించి మళ్లీ నడవమంది. ఈసారి అక్క నడక నాకే తేడా తెలిసింది.

"చూడండమ్మా, మీ ఎత్తుకు ఉండాల్సిన బరువుకు మించి మీ మీద ఇట్లాంటి సంచులు నాలుగున్నాయి. ఆపరేషన్ చేస్తే రెండో, రెండున్నరో దిగుతాయి. మిగతావి మీతోనే ఉంటాయి. ఎనభై దగ్గర ఆగుతారు. నలభై ఆరు ఆశ పెట్టుకుని రావద్దు."

బావ ముఖం వాడిపోయింది. ఊరంతా చాటిన మనిషి కదా. తీసే కొవ్వెంత ఉంటుంది, అయిదు కిలోలా, పది కిలోలా అని అడిగాడు. అతను అన్నాళ్లూ అనుకున్నదేంటంటే, పొట్టేలు కోసినప్పుడు పొరలు పొరలుగా కొవ్వు తీసినట్టు తీసి పక్కన పెడతారని. కొవ్వు తీయమని, పొట్టలోని తిండిసంచినే నిలువునా కోసి ముప్పాతిక వంతు తీసేస్తామని, అరటికాయంత మిగులుతుందని, ఒకసారి తీశాక తిరిగి పెట్టడం ఉండదని డాక్టరమ్మ చెప్పింది.

బావ లేచి నిలబడ్డాడు. లోకంలో ఎవరికైనా పొట్టంటే సరిగ్గా తెలియకపోవచ్చు, బావకు తెలుసు. కొన్ని వందల గొర్రెల కడుపులు కడిగినవాడు.

"గొర్రెకు నాలుగు గదులుంటాయమ్మా పొట్టలో. ఒకటి చెడితేనే సాయంత్రానికి చచ్చిపోతాది. మనిషికి ఉండేదే ఒకటి. దాన్నే కోస్తానంటావు. మేం పోతాం," అన్నాడు.

డాక్టరమ్మ అతన్ని ఆపలేదు. భయపడటం మంచిదే అంది. కుట్టుదగ్గర కారడం, రక్తం పోవడం కొద్దిమందికి జరుగుతుందని, నూటికో వెయ్యికో ఎక్కడో ఒకరికి ప్రాణం కూడా పోతుందని దాచకుండా చెప్పింది. బతికినన్నాళ్లూ బలం మాత్రలు వేసుకోవాలి, ఏటా వచ్చి చూపించుకోవాలి. టీని ఆపడం మాత్రం ఆపరేషన్ చేతిలో లేదు, సంగటి అడ్డం పడుతుంది గానీ తీపినీళ్లు జారిపోతాయి, గీతలు ఇట్లాగే ఉంటే దిగిన సంచులు మళ్లీ ఎక్కుతాయి అంది. ఆపరేషన్ వద్దనుకుంటే మందులతో, తిండితో చూద్దాం, తగ్గేది తక్కువే కానీ ఆ దారీ ఉందంది. మూడు నెలలు చక్కెర లేని టీ తాగి, ఆలోచించుకుని రమ్మంది.

తిరుగు రైలెక్కాం. వినుకొండలో బావ జామకాయలు కొన్నాడు, ఎవరూ తినలేదు. చివరికి అక్కే అడిగింది.

"ఎనభై కిలోల పెండ్లాం నీకు నామోషీనా?"

బావ కిటికీలోంచి బయటికి చూశాడు. తనకు నామోషీ లేదన్నాడు. చచ్చిపోతే అన్నాడు, అక్కడే ఆగిపోయాడు. జామకాయలు అక్క ఒళ్లోకి జరిపి, నలభై ఆరు వద్దు, నూట పద్దెనిమిదే ఉండు, ఇంట్లో ఉండు చాలన్నాడు.

"ఇంట్లో ఉండేదే నా రోగం," అంది అక్క.

ఆ మూడు నెలలూ ఇంట్లో చక్కెర డబ్బా పుల్లమ్మ ఇంటికి పోయింది. మొదటివారం అక్క టీ తాగినప్పుడల్లా వేపకషాయం తాగిన ముఖం పెట్టేది. ఆ ముఖం చూసి పాలవాడు నీళ్లు కలపడం మానేశాడని చెప్పుకున్నారు. టీలు పదహారునుంచి అయిదుకు వచ్చాయి. ఆరు కిలోలు తగ్గింది. బావకు ఆశ పుట్టింది, ఇట్లాగే పోతే కత్తితో పనిలేదని. అక్క కూడా ఒక నెల అదే అనుకుంది. తర్వాత కాటా నూట పన్నెండు దగ్గర మొండికేసింది. ఒకరోజు ఎవరికీ చెప్పకుండా మంద వెనక బయలుదేరింది. వాగు దాకా కూడా పోలేదు. ఒక రాతిమీద కూర్చుండిపోతే బావ వెనక్కి వచ్చి, మోటారుసైకిలు వాణ్ణి ఆపి ఇంటికి పంపాల్సివచ్చింది.

మూడోసారి గుంటూరు పోయాం. ఆపరేషన్‌కు ఒప్పుకుంటున్నట్టు కాగితం ముందు పెట్టారు. ఇంగ్లీషులో నాలుగు పేజీలు. వేలిముద్ర వేయడానికి సిరా డబ్బా తెరిచారు. అక్క బొటనవేలు పైటలో దాచుకుంది.

"ఇందులో ఏముందో మొత్తం తెలుగులో చదవండమ్మా. నాకు అర్థం కాకుంటే ఆపుతా. అర్థమైనాకనే వేలు పెడతా," అంది.

అక్కడున్న కుర్ర డాక్టరు ఇదంతా మామూలేనమ్మా అన్నాడు. మీకు మామూలే, నాకు ఇదే మొదలు అంది అక్క. డాక్టరమ్మ అతన్ని పక్కకు జరిపి తనే కుర్చీ లాక్కుని చదివింది. ఒక్కో పేరా చదివి తెలుగులో చెప్పింది. అక్క ఆపి ఆపి అడిగింది. జుట్టు రాలుతుందంటే ఎన్నాళ్లు? మళ్లీ వస్తుందా? చర్మం వేలాడితే నొప్పా, చూడటానికేనా? నడుచుకుంటూ పోయేటప్పుడు ఆకలైతే ఎన్ని ముద్దలు తినొచ్చు? కారితే ఎట్లా తెలుస్తుంది, మా ఊరినుంచి ఇక్కడికి నాలుగు గంటలు పడుతుంది కదా?  ఆ ప్రశ్నకు డాక్టరమ్మ కాగితం పక్కన పెట్టి, ఇంటికి పోనివ్వను, పది రోజులు ఇక్కడే దగ్గర్లో గది తీసుకుని ఉండండి అంది. ఆ సంగతి కాగితంలో లేదు, అక్క అడిగింది కాబట్టి వచ్చింది.

ప్రాణం పోవడం గురించి ఉన్న పేరా వచ్చేసరికి బావ తలుపు దగ్గరికి పోయాడు. అక్క అతన్ని వెనక్కి పిలిచింది.

"కూచో ఆదెయ్యా. నువ్వు కూడా వినాల. రేపు ఏమన్నా అయితే డాక్టరమ్మ చెప్పలేదని ఊర్లో చెప్పేవు. చెప్పింది. నేనే ఒప్పుకుంటాండా."

అక్క జీవితంలో మొదటిసారి బావను పేరు పెట్టి పిలిచింది. బావ వచ్చి కూర్చున్నాడు. పేజీ అయిపోయేదాకా కూర్చున్నాడు. వేలిముద్ర పడ్డాక ఆమె వేలికున్న సిరాను తన తువ్వాలుతో తుడిచాడు.

ఆపరేషనయ్యాక అన్నీ అక్క అడిగినట్టే, డాక్టరమ్మ చెప్పినట్టే జరిగాయి. మొదటి నెల నీళ్లు, మజ్జిగ, గంజి. రెండుసార్లు తొందరపడి మింగి కక్కుకుంది. జుట్టు పిడికిళ్లుగా రాలింది, ఏడ్చింది, మళ్లీ వచ్చింది. చేతుల కింద చర్మం వేలాడింది. పెళ్లిళ్లలో విస్తరి ముందు నాలుగు ముద్దలు తిని లేస్తే అందరూ బతిమాలేవాళ్లు, అలిగేవాళ్లు. బావ పాపం దుకాణం దుకాణానికి తిరిగి నలభై ఆరు కాదు, ఎనభై అని దిద్దుకొచ్చాడు. ఎనభై మూడు దగ్గర కాటా ఆగింది. పెళ్లినాటి రవికె చిన్నకూతురికి ఇచ్చేశారు.

రెండో ఏడు తొలకరికి నేను పెద్దారవీడు పోయాను. మా ఫ్యాక్టరీ అప్పటికి మూతపడింది, నాకు పనిలేదు. అక్క రాత్రే చెప్పింది, పొద్దున తనతో కొండకు రమ్మని. తెల్లవారాక కంప తీసి గొర్రెలన్నిటినీ వదిలింది. ఆఖరి గొర్రె పోయింది. అక్క కూడా బయటికి వచ్చి, కంపను బయటినుంచి వేసింది.

ముందు బావ పోతున్నాడు. మధ్యలో మంద. వెనక అక్క, అక్క వెనక నేను. అప్పుడు ఆమె పరుగెత్తిందని, గాలిలో తేలిందని నేను చెప్పగలను, మీరు నమ్ముతారు కూడా. కానీ ఆమె నిదానంగా నడిచింది. వాగు దాటింది. మోకాలు పట్టుకుని ఒకసారి ఆగింది, మళ్లీ నడిచింది. కొండ మొదట్లో కొంగుముడిలోంచి సంగటి తీసి, నిలబడే నాలుగు ముద్దలు నిదానంగా నమిలింది. ఎక్కడం మొదలుపెట్టింది.

సగం కొండెక్కేసరికి నాకు ఊపిరి అందలేదు. ఇరవై ఏళ్లు రాతిదుమ్ము పీల్చిన గుండెలు కదా, దగ్గు తన్నుకొచ్చింది. ఒక బండను పట్టుకుని కూలబడ్డాను. పైన గంటల చప్పుడు దూరమవుతోంది. అక్క పదడుగులు ఎక్కి, వెనక్కి చూసి, దిగొచ్చి నా పక్కన కూర్చుంది. నా వీపు నిమిరింది. నీళ్లసీసా మూత తీసి నా చేతికిచ్చింది.

"మంద పోతాది అక్కా, నువ్వు పో," అన్నాను.

"పోనీలేరా. యాడుంటాదో నాకు తెలుసు," అంది.